పెంటికల కుప్పమ్మ

"పెంటికల కుప్పమ్మా!" అని వీధి చివర నుంచి ఎవరైనా కేకేస్తే ఆమె "ఓ!" అని పలికేది. ఆ పలుకు మూడు వీధులు దాటి మామిడితోపుల దాకా వినబడేది. ఊరికి కొత్తగా వచ్చినవాళ్లు, ఇదేం పేరు పాపం, మనిషిని అట్లా పిలవొచ్చా అని నొచ్చుకునేవాళ్లు. నొచ్చుకోవాల్సిన మనిషి మాత్రం ఏనాడూ నొచ్చుకోలేదు. రేషన్ కార్డులు రాయడానికి వచ్చిన గుమాస్తా "ఈ ఊళ్లో ముగ్గురు కుప్పమ్మలున్నారు, మీరు ఏ కుప్పమ్మ?" అని అడిగితే, "పెంటికల కుప్పమ్మ అని రాసుకో నాయనా, యాడా తప్పిపోదు" అన్నది. గుమాస్తాకు చెయ్యి రాలేదు. భర్త పేరు రాసుకుని వెళ్లిపోయాడు.

మేక పెంటికలు, కుందేలు పెంటికలు అంటామే, అవే. ఆ పేరు ఎట్లా వచ్చిందో చెప్పాలంటే ముందు ఆమె చేతిపని గురించి చెప్పాలి.

బంగారుపాళ్యం చుట్టుపక్కల ఊళ్లలో తాడు కావాలన్నా పగ్గం కావాలన్నా కుప్పమ్మ ఇంటికే రావాలి. కిత్తలి ఆకుల నుంచి తీసిన కిత్తనార తెచ్చి, నానబెట్టి, దంచి, దువ్వి, కాలి బొటనవేలికి కొస తగిలించుకుని పేనేది. తాళ్లకంటే ఆమె చేతిలో ఎక్కువగా తయారయ్యేవి చిక్కాలు. మామిడికాయ నేలమీద పడి దెబ్బ తినకుండా దోటి చివర కట్టే వలసంచి ఒక రకం చిక్కం. మన్ను తినే దూడ మూతికి కట్టే వలబుట్ట ఇంకో రకం. ఆమె అల్లిన చిక్కంలో పడిన కాయకు గీత పడదని తోపులవాళ్లే చెప్పుకునేవాళ్లు.

చెయ్యి ఎంత నేర్పరో నోరు అంత గట్టిది. ఒకసారి చిత్తూరు సంతకు చిక్కాల మూటతో బస్సెక్కితే, మూట టాపు మీద వెయ్యాల్సిందే అన్నాడు కండక్టరు. "మూట యాడుంటే నేనూ ఆడే" అని నిచ్చెనెక్కి టాపు మీద కూర్చుంది. దిగమంటే దిగదు. బస్సు కదలదు. ఎండలో బస్సు పావుగంట నిలబడేసరికి లోపలివాళ్లంతా కలిసి కండక్టరునే తిట్టారు. చివరికి ఆమె సీట్లోకి, మూట ఆమె ఒళ్లోకి వచ్చాయి. భర్త రాజారత్నం మామిడి గుజ్జు తీసే పల్పు ఫ్యాక్టరీలో కాయలు దించే పని చేసేవాడు. నెమ్మదస్థుడు. "మా ఇంట్లో మాట్లాడేది ఆమె, ఇనేది నేను. ఇద్దరికీ పని సరిపోతాది" అనేవాడు.

ఆమె పట్టిన కుందేలికి మూడే కాళ్లని ఊరంతా అనుకునేది. నిజంగా ఆమె చేతికి కుందేలు వచ్చినప్పుడు మాత్రం, నాలుగో కాలు ఉందని అందరికంటే ముందు ఒప్పుకున్నది ఆమే. అది 1999లో జరిగింది.

ఆ ఏడు వేసవి మొదట్లో ధనంజయ బెంగళూరు నుంచి రెండు కుందేళ్లు తెచ్చాడు. ఊళ్లో పెద్ద తోపులన్నీ అతనివే. ఎనిమిదేళ్ల కూతురు మహిత అడిగి అడిగి ప్రాణం తీస్తే తెచ్చాడు. తెల్లదానికి మల్లి అని, బూడిద రంగుదానికి రౌడీ అని ఆ పిల్లే పేర్లు పెట్టింది. మామిడికాయల చెక్కపెట్టెలకు ఇనుప వల కొట్టించి, పెరట్లో ఆవుల కొట్టం పక్కన గూళ్లు కట్టించారు.

ధనంజయ తల్లి చంద్రకాంతమ్మ. నీళ్లను కూడా కడిగి తాగే మనిషి. పదిరోజులు గడిచాక ఒకనాటి తెల్లవారుజామున ఆమె పెరట్లో ముఖం కడుక్కుంటూ గూటివైపు చూసింది. మల్లి ఒళ్లు ముడుచుకుని, మూతిని తన వెనక భాగానికే ఆనించి, అక్కణ్ణించి ఏదో అందుకుని తీరిగ్గా నములుతున్నది. చంద్రకాంతమ్మ చెంబు కింద పడేసింది.

"అయ్యయ్యో, తన పెంటికలు తానే తింటాండాదిరా! ఇట్లాంటిది ఇంట్లో ఉంటే లచ్చిమి నిలస్తాదా? ఈపొద్దే దీన్ని కోసుకుతినేవాళ్లకి ఇచ్చెయ్!"

మహిత ఏడుపు అందుకుంది. పొద్దున టిఫిను తినలేదు, మధ్యాహ్నం అన్నం తినలేదు. ధనంజయ అడకత్తెరలో పోకచెక్క అయిపోయాడు. సాయంత్రానికి అతనికి దూడలు గుర్తొచ్చాయి. నేరుగా కుప్పమ్మ ఇంటికి వచ్చాడు.

"కుప్పక్కా, దూడకి కట్టినట్లు ఆ కుందేళ్లకి సిన్న సిక్కాలు అల్లియ్యి. పడుకోబోయే ముందు కట్టి, తెల్లారినాక ఇప్పేస్తాము. మాయమ్మకి బాధ ఉండదు, బిడ్డకి ఏడుపుండదు."

మన్ను తినే దూడకు చిక్కం కట్టడం తాతల నాటి నుంచి ఉన్నదే. అందుకే ఇందులో తప్పేముందని ఎవరికీ తోచలేదు. కుప్పమ్మకు అసలే తోచలేదు. పైగా సరదా పుట్టింది. సన్నటి పురి పేని, టీ గ్లాసంత చిక్కాలు రెండు అల్లి, వీధివీధికీ చూపించి మరీ తీసుకుపోయి ఇచ్చింది. జన్మలో ఇంత ముచ్చటైన పని చెయ్యలేదనుకుంది.

రౌడీ ఆ చిక్కాన్ని తెల్లవారేసరికి కొరికి ముక్కలు చేసింది. కుప్పమ్మ ఇంకోటి అల్లింది. అదీ కొరికింది. మూడోదాన్ని ముందుకాళ్లతో లాగి పడేసి దానిమీదే కూర్చుంది. ఇంక లాభం లేదని రౌడీ గూటిని ఎవరి కంటా పడకుండా ఆవుల కొట్టం వెనక్కి మార్పించారు. మల్లి మాత్రం మూతి ముందుకు పెట్టి చిక్కం కట్టించుకునేది. ఇంటికొచ్చిన వాళ్లకు చంద్రకాంతమ్మ మల్లిని చూపించి, "ఈ తెల్లది బుద్ధిమంతురాలు, సెప్పిన మాట వింటాది. అది ఉండాదే ఆ బూడిదది, ఒట్టి రౌడీ" అని చెప్పేది.

మూడు వారాలకు బుద్ధిమంతురాలు చిక్కిపోసాగింది. వెన్నెముక చేతికి తగిలింది. బొచ్చు నలిగిన దూదిలాగా అయింది. పాపం నీరసపడిందని ఇంటిల్లిపాదీ ముద్దు చేసి ఇడ్లీలు పెట్టారు, బిస్కెట్లు పెట్టారు, తియ్యటి మామిడితొక్కలు పెట్టారు. శనగ గింజంత ఉండే పెంటికలు మిరియపు గింజలంత అయ్యాయి. తర్వాత వెంట్రుకకు గుచ్చిన పూసల్లాగా ఒకదానికొకటి వేలాడుతూ పడ్డాయి. మహిత వాటిని నోటుపుస్తకం కాగితంలో చుట్టుకుని కుప్పమ్మకు తెచ్చి చూపించింది.

"కుప్పమ్మత్తా, మల్లికి ఏమైంది?"

"తెలీదు తల్లీ. డాక్టరుకి సూపించమను మీ నాయన్ని."

పశువుల డాక్టరు నిజాయితీపరుడు. మల్లిని అటూ ఇటూ తిప్పి చూసి, "ఆవుకు తెలుసు, గొర్రెకు తెలుసు, కోడికి తెలుసు. కుందేలికి మందు ఇచ్చిన అనుభవం నాకు లేదప్పా" అని ధనంజయతో చెప్పేశాడు. మర్నాడు మల్లి గట్టి పెంటిక ఒక్కటీ వెయ్యలేదు. తిండి ముట్టలేదు. మూతి సన్నబడి చిక్కం జారిపోతున్నదని, బిగించి ఇమ్మని కుప్పమ్మకు కబురు వచ్చింది.

ఆ మరుసటి తెల్లవారుజామునే, నారకు బయల్దేరబోతూ, కుప్పమ్మ ఆ పెరట్లోకి వెళ్లింది. చిక్కం బిగించడానికే వెళ్లింది. గూటి ముందు కూర్చున్నదల్లా చెయ్యి పెట్టకుండా ఆగిపోయింది.

మల్లి ఒళ్లు ముడుచుకుని మూతిని వెనక్కి చాచుతున్నది. చిక్కం అడ్డం. మళ్లీ చాచింది. మెత్తగా, నల్లగా మెరుస్తూ, చిన్న ద్రాక్షగుత్తి లాంటిది చిక్కం ముడులకు అంటుకుంది. ఆ ముడుల సందుల్లోంచి మల్లి నాలుక బయటికి పెట్టి అందుకోవాలని చూసింది. అందలేదు. ఇంకోసారి చూసింది. ఆ తర్వాత ఊరుకుని ఒక మూల ఒదిగింది.

కుప్పమ్మ లేచి కొట్టం వెనక్కి పోయింది. అక్కడ రౌడీ కూడా ఒళ్లు ముడుచుకున్నది. ఆ మెత్తటి గుత్తిని నేలమీద పడనివ్వకుండా అందుకుని, నమిలి, మింగి, చెవులు దులిపి గూడంతా గంతులు వేసింది. గూట్లో మరోపక్క పగటిపూట వేసే గట్టి పెంటికలు కుప్పగా ఉన్నాయి. వాటి జోలికి అది పోలేదు. అంటే రెండు రకాలున్నాయి. పారేసేవి వేరు, తినేవి వేరు. కొట్టంలో ఆవు పడుకుని కళ్లు అరమూసుకుని నెమరేస్తున్నది. కుప్పమ్మ ఆవును చూసింది, రౌడీని చూసింది, మళ్లీ మల్లి దగ్గరికి వచ్చింది. వీధివీధికీ చూపించుకుని మురిసిన ఆ అల్లికను తడిమి చూసింది. తన చేతుల మీద తనకే కోపం వచ్చింది. మాటవిననిది బతికింది, విన్నది చస్తున్నది. అంత చిన్న ప్రాణిని చంపుతున్నది తన పనితనం.

నడుముకు దోపుకున్న నారకత్తి తీసి చిక్కం తెగ్గోసింది. అప్పుడే చంద్రకాంతమ్మ తడితలతో పెరట్లోకి వచ్చింది.

"ఏం జేస్తాండావే కుప్పమ్మా?"

"కోసేసినానమ్మా."

"ఎవురు కోయమన్నారు?"

"అల్లింది నేను. తప్పు నాది. కోసేదానికి ఇంగొకరు సెప్పాల్నా?"

"మళ్లా తింటాది గదవే అది!"

"తిననీండి. ఆ ఆవును సూడండమ్మా. తిన్నదాన్నే మళ్లా నోట్లోకి తెచ్చుకోని నములుతా ఉండాది. దాని పాలతోనే గదా మీరు సామికి అభిషేకం జేసేది? ఆవు గొంతులో నించి తెచ్చుకుంటాది, ఇది ఎనక నించి తెచ్చుకుంటాది. నెమరు నెమరే. దాని నోటికాడ కూడు మనం లాగేసినాము."

చంద్రకాంతమ్మ ముఖం ఎర్రబడింది. ఆవునూ కుందేలునూ ఒకగాటన కట్టడం ఆమె జన్మలో వినలేదు. "గోమాతతో సమానం జేస్తావా దీన్ని? నా ఇంట్లో నిలబడి నాకే నీతులా? ఇంగ ఇది సచ్చినా బతికినా నీదే బాధ్యత. ఈ ఏడు తోపులకి నీ సిక్కాలు ఒక్కటీ వచ్చేది లేదు, పో!"

తోతాపురి మామిడి కోతలు ఇంకో పదిరోజుల్లో మొదలవుతాయి. ఆ ఇంటి తోపులకు చిక్కాలు అల్లడమే కుప్పమ్మకు ఏడాదిలో పెద్ద పని. అది ఆమెకు తెలియక కాదు. "రాకపోతే పోనీండి" అని మల్లిని కొంగులో చుట్టుకుంది. రౌడీ గూడు నెత్తిన పెట్టుకుంది. మహిత నిద్రకళ్లతోనే లేచి వెనక పరిగెత్తింది.

ఇంటి అరుగు మీద కూర్చున్న రాజారత్నం ఆ ఊరేగింపు చూసి, జరిగింది విని, "ఒక సీజను కూడు పోగొట్టి రెండు కుందేళ్లని తెచ్చినావా?" అన్నాడు.

"అవును. పోయి గరిక పెరుక్కోని రా."

అతను పోయి, ఒక చంకెడు గరిక తెచ్చాడు.

ఇడ్లీ లేదు, బిస్కెట్టు లేదు, మామిడితొక్క లేదు. గరిక, కాయలు తెంపేశాక ఎండిన వేరుశనగ కట్టె, మంచినీళ్లు, అంతే. మల్లి కడుపు ఉబ్బి గట్టిగా ఉంది. పసిబిడ్డ కడుపు నిమిరినట్లు వెచ్చటి అరచేత్తో కుప్పమ్మ దాన్ని మెల్లగా నిమురుతూనే ఉంది. పొద్దుగూకే వేళకు మల్లి రెండు గరికపోచలు కొరికింది. మింగిందో లేదో తెలియలేదు.

"అత్తా, మల్లి సచ్చిపోతాదా?" అంది మహిత.

"సావదని సెప్పలేను తల్లీ. నేనయితే ఊరికే సావనీను."

కుప్పమ్మకు వాళ్ల నాయన గుర్తొచ్చాడు. దూడ నెమరు వెయ్యడం మానేస్తే ఆయన ఆరోగ్యంగా ఉన్న ఆవు నోట్లోంచి నెమరు తీసి దూడకు తినిపించేవాడు. చిన్నప్పుడు పక్కన నిలబడి చూసింది. మరి మల్లికి నెమరు ఎవరిస్తారు? రౌడీయే ఇవ్వాలి.

మర్నాడు తెల్లవారకముందే సంగతి ఊళ్లో పాకింది. ఆడవాళ్లంతా బిందెలు పట్టుకుని నీళ్లకు పోతున్నట్లు వచ్చి కుప్పమ్మ వాకిట్లో నిలబడ్డారు. కుప్పమ్మ రౌడీని ఒళ్లో పెట్టుకుని కనిపెట్టుకుని ఉంది. అది ఒళ్లు ముడుచుకోగానే మూతికీ వెనక భాగానికీ మధ్య అరచెయ్యి పెట్టింది. తన కూడు తనకు దక్కనివ్వని చేతిని రౌడీ ఊరుకుంటుందా? చూపుడువేలు రక్తం వచ్చేటట్టు కొరికింది. కుప్పమ్మ చెయ్యి తియ్యలేదు. మెత్తటి గుత్తి అరచేతిలో పడింది. ఆ గాటు ఆమె వేలిమీద చివరిదాకా ఉండిపోయింది.

"ఛీ ఛీ, సేత్తో పట్టుకునిందే!" అన్నారు వాకిట్లోవాళ్లు.

"బిడ్డ ముక్కు తుడిసిన కొంగుతోనే మూతి తుడిసేవాళ్లు మీరంతా. నాకు సుద్దం సెప్పొద్దండి" అంది కుప్పమ్మ, తల ఎత్తకుండానే.

అరచేతిని మల్లి మూతి దగ్గర పెట్టింది. మల్లి కదల్లేదు. అప్పటికే వచ్చి కూర్చున్న మహిత ఆమె కొంగు పట్టుకుని ముందుకు వంగింది. చాలాసేపటికి మల్లి ముక్కు కదిలింది. వాసన చూసింది. మెల్లగా నాలుకతో ఒకటి అందుకుంది. నమిలింది. ఇంకోటి అందుకుంది. అరచెయ్యి ఖాళీ అయ్యేదాకా తిని, గరిక వైపు తల తిప్పింది. వాకిట్లోవాళ్లు బిందెలు చంకకు ఎత్తుకున్నారు. నీళ్లకు పోవాల్సినవాళ్లు నీళ్లకు పోయారు.

పది గంటలైంది, పన్నెండైంది. కింద పరిచిన గోనె పొడిగానే ఉంది. కుప్పమ్మ అన్నం తినలేదు. నార ముట్టుకోలేదు. ఎండ వసారాలోకి దిగిన వేళ మహిత కెవ్వుమంది. మల్లి కింద నాలుగు పెంటికలు! చిన్నవి, వంకరవి, అయినా పెంటికలే. కుప్పమ్మ వాటిని చేతిలోకి తీసుకుని వేలితో నొక్కి చూసింది. లోపల పచ్చటి గరిక పీచు కనిపించింది. కడుపు నడుస్తున్నది. ఆమెకు ఏడుపు వచ్చింది. ఏడుస్తూనే నవ్వింది.

కన్నీళ్లు తుడుచుకుని ఊరుకుంటే ఆమె కుప్పమ్మ ఎందుకవుతుంది? ఆ నాలుగింటినీ బాదం ఆకులో పెట్టుకుని వీధి నడిమధ్యన నడిచింది. ధనంజయ ఇంట్లో అప్పుడు ఫ్యాక్టరీవాళ్లు కోతల సంగతి మాట్లాడుతూ కూర్చుని ఉన్నారు. చంద్రకాంతమ్మ వాళ్లకు మజ్జిగ అందిస్తున్నది. కుప్పమ్మ గడప అవతలే నిలబడి ఆకు చాపింది.

"అమ్మా, మల్లి బతికింది. ఇదో సూడండి!"

చంద్రకాంతమ్మ చూసింది. మజ్జిగ గ్లాసు చేతిలోనే ఒలికింది. "ఛీ! పెంటికల కుప్పమ్మా! బయటికి పోవే!"

ఫ్యాక్టరీవాళ్లు పగలబడి నవ్వారు. కుప్పమ్మ కదల్లేదు. "పోతానమ్మా. మా నాయన పెట్టిన పేరు కంటే ఇదే బాగుండాది" అని, ఆకు మడిచి, వచ్చిన దారినే తల ఎత్తుకుని నడిచింది. పొద్దుగూకేలోపల ఊరంతా ఆ పేరే పట్టుకుంది. మొదటిసారి ఎగతాళిగా కేక వేసినవాడికి "ఓ!" అని ఎంత గట్టిగా బదులిచ్చిందంటే, వాడే ఉలిక్కిపడ్డాడు.

చంద్రకాంతమ్మ అన్నంత పనీ చేసింది. ఆ ఏడు తోపులకు చిత్తూరు నుంచి నైలాను వలలు వచ్చాయి. కుప్పమ్మ పల్పు ఫ్యాక్టరీలో తొక్క తీసే పనికి పోయింది. మామిడి సొనకు వేళ్ల సందులు పుండ్లు పడ్డాయి. అన్నం కలుపుకోవాలంటే మంట. "ఒక మాట తగ్గింటే సరిపోయేది కదే" అని తోటివాళ్లు అంటే, "తగ్గింటే మల్లి సచ్చింటాది" అనేది. దూడకు చిక్కం కావాలని ఎవరైనా వస్తే ఇదివరకటిలాగా వెంటనే అల్లివ్వడం మానేసింది. "ముందు దాని పేడ సూపించు. మన్ను ఎందుకు తింటాండాదో కనుక్కో. ఉప్పు నాకించి సూడు. ఆమైన సిక్కం సంగతి" అని పంపేది. ఇంటికొచ్చిన పనిని కాలదన్నుకుంటున్నదని రాజారత్నం కూడా ఒకటి రెండుసార్లు విసుక్కున్నాడు.

మల్లి నెలరోజుల్లో ఒళ్లు చేసింది. మహిత బడి వదలగానే కుప్పమ్మ ఇంటికే వచ్చేది. ఆషాఢంలో వచ్చే ఆడికృత్తిక పండగ అయిన వారానికి ధనంజయ వచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

"కుప్పక్కా, బిడ్డ మా ఇంట్లో నిలవడమే లేదు. మాయమ్మకి నేను నచ్చజెప్పినాను. కుందేళ్లని పంపించు."

"సిక్కం కట్టకూడదు. ఇడ్లీ పెట్టకూడదు. తెల్లారి అది తినేది దాన్ని తిననీయాల. మీయమ్మ ఆ మాట సెప్పిందా?"

"తిననీ, నేను మాత్రం సూడను అనింది."

"అయితే తీస్కపో."

తీసుకుపొమ్మన్నదే కాని ఆమెకు నమ్మకం కుదరలేదు. నాలుగు రోజులు ఆగి, తెల్లవారుజామున వేరుశనగ కట్టె మోపు ఒకటి నెత్తిన పెట్టుకుని ఆ పెరటి గుమ్మంలో నిలబడింది. మళ్లీ ఆ మూతికి ఏదైనా కట్టి ఉంటే ఊరు లేపేద్దామనే వచ్చింది.

చంద్రకాంతమ్మ అక్కడే ఉంది. చేతిలో చెంబు, భుజాన తడి టవలు. గూటికి రెండడుగుల దూరంలో, గోడవైపు ముఖం తిప్పుకుని, కళ్లు మూసుకుని నిలబడి ఉంది. గూట్లో మల్లి ఒళ్లు ముడుచుకుని నములుతున్నది. మూతికి ఏమీ లేదు.

"ఏమమ్మా, గోడకి తిరిగి నిలబడినారు?" అంది కుప్పమ్మ. మామూలు గొంతుతోనే అన్నది. ఆమె మామూలు గొంతు ఎట్లాంటిదో తెలిసిందే.

చంద్రకాంతమ్మ కళ్లు తెరవలేదు. చెంబు లేని చేతిని వెనక్కి చాచి, ఊరుకో అన్నట్లు ఊపింది.

"పెంటికల కుప్పమ్మా, అరవద్దే. మల్లి తింటాండాది, బెదురుతాది."

"ఓ" అంది కుప్పమ్మ. పక్కనున్న ఆవుకు కూడా వినబడనంత మెల్లగా అన్నది. మోపు చప్పుడు కాకుండా దించి, తానూ గోడవైపు తిరిగి నిలబడింది.